నాన్ ఇంటర్‌లాకింగ్ అంటే నాయనమ్మకు ఏమని చెప్పాలి?

భద్రకాళి_గట్టు | హన్మకొండ | శనివారం, ఉదయం 8:12

మా నాయనమ్మకు చూపు తగ్గింది. పొద్దున్నే పేపర్ చదివి వినిపించడం నా డ్యూటీ. ఇవాళ "నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా కాజీపేట మీదుగా వెళ్లే పలు రైళ్లు రద్దు" అని చదివాను. అందులో సోమవారం నేను ఎక్కాల్సిన బండి కూడా ఉంది, అది వేరే బాధ.

"గదేం పని బిడ్డా?" అంది.
"ఇంటర్‌లాకింగ్ లేకుండా చేసే పని."
"అంటే?"
"ఇంటర్‌లాకింగ్ అంటే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడం, నాయనమ్మా."
"ఇరుక్కుంటె గదా రైలు ఆగాలె. ఇరుక్కోకుంటె మంచిగ పోవాలె. మరి ఎందుకు బందు వెట్టిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. చాయ్ తాగుతూ ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. మా వాకిట్లో వేసినవి ఇంటర్‌లాక్ టైల్స్. కొత్తవాడలో కొన్న జంపఖానాను షాపాయన ఇంటర్‌లాక్ నేత అని అమ్మాడు. ఇప్పుడు రైళ్లకూ అదే మాట. ఈ మూడూ ఒకటేనా? తెలుగులో దీనికి మామూలు జనం అనే మాట ఏమైనా ఉందా? డిక్షనరీలో "పరస్పర బంధనం" అని కనిపించింది. ఆ మాట పట్టుకుని నాయనమ్మ దగ్గరికి పోతే నన్నే కట్టేస్తుంది.

వలస_పక్షి | ఊరు జమ్మికుంట, ప్రస్తుతం దుబాయ్ | ఉదయం 8:40

లంకె. అయిపోయింది. ఇక థ్రెడ్ మూసేయొచ్చు.

లష్కర్_బజార్ | హన్మకొండ | ఉదయం 8:51

అన్నా, లంకె అంటే లింకే కదా? ఇంగ్లిష్ లింక్‌నే మనవాళ్లు లంకె చేసుకున్నట్టున్నారు, రోడ్డును రోడ్డు, బస్సును బస్సు చేసుకున్నట్టు. తెలుగు మాట అడిగితే మళ్లీ ఇంగ్లిష్ మాటే ఇస్తే ఎట్లా?

మాటల_మూట | హుజూరాబాద్ | ఉదయం 9:30

పోలిక చూసి చుట్టరికం కలపొద్దు తమ్ముడూ. ఇంగ్లిష్ లింక్ స్కాండినేవియా భాషల వైపు నుంచి వాళ్లకు చేరిన మాట. మన లంకె ఏనాడూ ఇంగ్లిష్ బడి మెట్లెక్కని ముసలమ్మల కథల్లో ఉంది. లంకెబిందెలు వినలేదా?

ఆ కథల్లో బిందెలు ఎప్పుడూ జంటగానే ఉంటాయి. రెండు బిందెల మెడలకూ కడియాలు, ఆ కడియాలను కలుపుతూ గొలుసు అని మా అమ్మ చెప్పేది. ఒకదాని మీద ఒకటి బోర్లించి మూతులు కలిపినవి అని మా మేనత్త వాదించేది. ఇద్దరిలో ఎవరూ వాటిని చూసినవాళ్లు కాదు, అయినా వాదన మాత్రం ప్రతి సంక్రాంతికీ ఉండేది. ఎలా చెప్పినా అసలు సంగతి మారదు. ఒక బిందెను పట్టి లాగితే రెండోది కూడా రావాలి.

అందుకే లంకెకూ మిగతా మాటలకూ తేడా ఉంది. ముడి వేస్తే రెండు కొసలు కలిసి ఒకటవుతాయి. పేనితే రెండు పోగులు కలిసి ఒక తాడవుతాయి. (తలలో పేను కాదు, తాడు పేనడం. పెనవేసుకోవడంలో ఉన్న పెన కూడా ఆ ఇంటిదే, తమిళంలో పిణై దానికి చుట్టం.) అల్లితే ఒక బద్ద కిందికీ ఒక బద్ద మీదికీ పోయి చాప అవుతుంది. లంకెలో మాత్రం ఏదీ తన రూపం పోగొట్టుకోదు. బిందె బిందెగానే ఉంటుంది, ఒంటరిగా కదల్లేదు, అంతే.

ముళ్లలోనూ మనవాళ్లు ఎంత వివరంగా పేర్లు పెట్టారో చూడండి. కొస లాగితే ఊడేది జారుముడి. లాగేకొద్దీ బిగిసేది పీటముడి. బ్రహ్మముడి సంగతి పెళ్లైనవాళ్లను అడగండి.

ఇక పేపర్ల వాళ్లు ఆధార్‌కూ పాన్‌కూ లంకె అని రాస్తారు, ప్రభుత్వం వాళ్లు అనుసంధానం అంటారు, మీసేవ క్యూలో నిలబడ్డవాళ్లు లింక్ అంటారు. ముగ్గురికీ పని ఒకటే.

మొత్తానికి నా ఓటు లంకెకే. ఒక్క షరతు: లంకె ఒంటరి వస్తువుకు ఉండదు, కనీసం రెండుండాలి.

జనగామ_జంక్షన్ | జనగామ | ఉదయం 10:05

టీచరమ్మా, మీ షరతు మా దగ్గర చెల్లలేదు. 2021 ఏప్రిల్‌లో పెంబర్తి దగ్గర వెంచర్ కోసం భూమి చదును చేస్తుంటే ఒక రాగి బిందె బయటపడింది. లోపల బంగారు, వెండి నగలు. చుట్టుపక్కల ఊళ్ల జనం ఎండను కూడా లెక్కచేయకుండా చూడ్డానికి పోయారు. కొందరు కొబ్బరికాయలు కూడా కొట్టారు. అందరి నోటా ఒకటే మాట, "లంకెబిందె దొరికిందట". టీవీల్లోనూ అదే.

దొరికింది ఒక్క బిందె. దాని మెడకు గొలుసు లేదు, పక్కన జంట లేదు. మరి లంకె ఎక్కడిది?

పెంబర్తి అంటే తరాలుగా ఇత్తడి, కంచు రేకు మీద పని చేసే ఊరు. రాగి బిందె దొరకాలంటే అంతకంటే తగిన ఊరు లేదనుకోండి.

మాటల_మూట | హుజూరాబాద్ | ఉదయం 10:22

మంచి దెబ్బ కొట్టారు, ఒప్పుకుంటున్నా. లంకెబిందె అంటే ఇప్పుడు నిధి ఉన్న బిందె అనే అర్థమే మిగిలింది, జంట సంగతి జనం మరిచిపోయారు. లాటరీ తగిలినా, ఊరి పక్క ఎకరం రేటు పెరిగినా "వానికి లంకెబిందెలు దొరికినయి" అంటాం కదా, అక్కడ బిందె కూడా ఉండదు.

వలస_పక్షి | దుబాయ్ | ఉదయం 10:31

నాకు తెలిసి పెంబర్తిలో కొందరు రెండో బిందె కోసం ఇంకా చూస్తూనే ఉండి ఉంటారు. టీచరమ్మ షరతు మీద వాళ్లకే నమ్మకం ఎక్కువ.

ఓరుగల్లు_మేస్త్రి | వరంగల్, కరీమాబాద్ | మధ్యాహ్నం 1:15

అన్నం తిని ఇప్పుడు చూస్తున్నా. టైల్స్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే లంకె అనే మాట అక్కడ కుదరదు.

లంకె అంటే పట్టుకుని ఉండటం. గొలుసులో ఒక కడియాన్ని ఇంకో కడియం పట్టుకుంటుంది, లాగితే బిగుస్తుంది. ఇంటర్‌లాక్ టైల్‌ను చూడండి. పక్కలు వంకరటింకరగా ఉంటాయి, ఒకదాని వంపులో ఇంకోదాని ఉబ్బు కూర్చుంటుంది. పైకి లాగితే ఏదీ పట్టుకోదు, లేచి వచ్చేస్తుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి. కింద ఇసుక, సందుల్లో సన్న ఇసుక. సిమెంట్ ఉండదు. రేపు కింద నల్లా పైపు పగిలితే నాలుగు టైల్స్ లేపి, బాగు చేసి, మళ్లీ వాటినే కూర్చోబెట్టొచ్చు. దాని లాభమే అది.

కానీ నెట్టుకునేవాటికి చివర ఒక అడ్డు ఉండాలి. చుట్టూ బోర్డర్ కట్టకుండా వేయించుకున్న వాకిళ్లు ఎన్ని చూశానో. పైసలు మిగిలాయనుకుంటారు, కారు నాలుగుసార్లు ఎక్కి దిగేసరికి అంచు టైల్ బయటికి జరుగుతుంది, దాని వెనక రెండోది, ఇక బతుకమ్మ చెరువులోకి పోయినట్టు ఒక్కొక్కటే పోతాయి.

ఇటుక గోడకూ ఇదే లెక్క. మా మొదటి పాఠం "సందు మీద సందు రావద్దు". కింది వరుసలో రెండు ఇటుకలు కలిసే చోట పై వరుసలో నిండు ఇటుక కూర్చోవాలి. తర్వాత కట్టే గోడ దీనికి కలవాలంటే చివరన ఒక ఇటుక బయటికి, ఒక ఇటుక లోపలికి వదులుతాం. కొత్త గోడ పళ్లలో పళ్లు పెట్టినట్టు అందులో దూరుతుంది. అట్లా కాకుండా ఊరికే ఆనిస్తే ఏడాదికి అక్కడ నిలువునా బీట వస్తుంది, ఓనర్ మేస్త్రిని తిడతాడు.

మా బామ్మర్ది వడ్ల పని చేస్తాడు. ఆయన దగ్గర ఇంకో జత మాటలున్నాయి, కుసి, బెజ్జం. ఒక చెక్క కొసను సన్నగా చెక్కితే కుసి, ఇంకో చెక్కకు పెట్టిన తొర్ర బెజ్జం. దర్వాజ చట్రానికి మొల కొట్టకుండా కుసి దించి, అడ్డంగా ఒక చెక్క మేకు వేస్తే మనవళ్ల కాలం దాకా కదలదు.

మరి వీటన్నిటికీ కలిపి ఒక మాట ఏదని అడిగితే, పని దగ్గర మేము ఇంటర్‌లాక్ అనే అంటాం. అబద్ధం ఎందుకు.

భద్రకాళి_గట్టు | హన్మకొండ | మధ్యాహ్నం 1:40

మేస్త్రి గారూ, మా వాకిలికి బోర్డర్ లేదని ఇప్పుడే చూసొచ్చాను. ఈ థ్రెడ్ మొదలుపెట్టకపోయినా బాగుండేది.

లష్కర్_బజార్ | హన్మకొండ | మధ్యాహ్నం 2:02

ఇంటర్‌లాకింగ్ టెక్నాలజీ కనిపెట్టిందే మన కాకతీయులు. వేయి స్తంభాల గుడి చూడండి, రామప్ప చూడండి. రాయిలో రాయి ఇరికించారు. ఇది ప్రపంచానికి మనమిచ్చినది. అందరికీ షేర్ చేయండి.

ఏకవీర_వీధి | ఖిలా వరంగల్ | మధ్యాహ్నం 2:45

షేర్ చేసేముందు కొంచెం ఆగండి. నేను గుళ్లు చూపించే పని చేస్తాను, కాకతీయుల మీద ప్రేమ మీకంటే తక్కువ లేదు. కానీ కుసి, బెజ్జం పెట్టి కలపడం కాకతీయుల కంటే ఎంతో పాతది. కర్రలో చేసింది తర్వాత రాతిలోకి వచ్చింది. దేశమంతా రాతి గుళ్లలో ఉంది.

హన్మకొండ వేయి స్తంభాల గుడి 1163 నాటిది, రుద్రదేవుడు కట్టించాడు. రామప్ప 1213 నాటిది, రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలోకి వచ్చింది. రామప్పలో చెప్పుకోవలసిన గొప్ప పునాది కింద నింపిన ఇసుక, శిఖరానికి వాడిన తేలికపాటి ఇటుకలు. ఉన్న గొప్ప వదిలేసి లేని గొప్ప ఎందుకు తగిలించడం?

అయితే థ్రెడ్‌కు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం కుంగిపోతే రాళ్లన్నీ విప్పి, మళ్లీ పేర్చి, చాలా ఏళ్ల తర్వాత 2024 మార్చిలో తెరిచారు. అదంతా సిమెంట్ పోసి ఒకే ముద్దగా కట్టినదైతే విప్పడానికి ఏముండేది, పగలగొట్టడమే. మేస్త్రి గారి టైల్‌కూ ఆ మండపానికీ అక్కడ పోలిక ఉంది. ఎక్కిన వరుసకు తలకిందులుగా దించొచ్చు.

పడుగుపేక | వరంగల్, కొత్తవాడ | సాయంత్రం 4:20

కొత్తవాడ పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. మా ఇంట్లో మూడు తరాలుగా జంపఖానాలు నేస్తున్నాం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. షాపాయన మీకు అబద్ధం చెప్పలేదు.

మామూలు బట్టలో పేక దారం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతుంది. రంగురంగుల బొమ్మ ఉన్న జంపఖానాలో అట్లా పోదు. ఎర్ర పేక తన హద్దు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది, నల్ల పేక అవతలి నుంచి తన హద్దు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది. ఆ హద్దు దగ్గర ఏమీ చేయకపోతే నిలువునా చీలిక మిగులుతుంది. వేలు పెడితే దూరుతుంది, నాలుగుసార్లు దులిపితే చిరుగుతుంది.

దానికి రెండు దారులున్నాయి. ఎర్ర పేక, నల్ల పేక రెండూ ఒకే పడుగు పోగును చుట్టి వెనక్కి మళ్లడం ఒకటి. కానీ ఆ ఒక్క పోగు దగ్గర దారం రెట్టింపై చిన్న గట్టులా తేలుతుంది. రెండోది, రెండు పడుగు పోగుల మధ్య ఎర్ర పేక నల్ల పేకను ఒకసారి కొక్కెంలా తగిలించుకుని వెనక్కి మళ్లడం. దీన్నే ఇంటర్‌లాక్ అంటాం. ప్రతి వరుసలో, ప్రతి రంగు మారే చోటా చేతితో చేయాలి. అందుకే ధర ఎక్కువ, బేరం ఆడేవాళ్లకు ఇది చెప్పినా అర్థం కాదు.

పెళ్లి కార్డుల మీద "పడుగు పేకల్లా కలిసి" అని రాస్తారు. పడుగు, పేక కలవడం మామూలే, అడ్డం నిలువు కాబట్టి కలవక తప్పదు. ఇక్కడ కలిసేవి పేక, పేక. ఎదురెదురుగా వచ్చి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. నన్నడిగితే పెళ్లి కార్డు మీద రాయాల్సింది ఇదీ.

మాట సంగతికొస్తే, నాన్న పని నేర్పేటప్పుడు "పట్టి తిప్పు" అనేవాడు. పేరేం చెప్పలేదు, పని చెప్పాడు.

మాటల_మూట | హుజూరాబాద్ | సాయంత్రం 5:00

"పట్టి తిప్పు" నాకు చాలా నచ్చింది. ఇట్లాంటి మాటల కోసమే భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా పదాలు సేకరింపజేసి మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు, 1962లో వ్యవసాయం సంపుటం, 1971లో చేనేత సంపుటం. ఆఫీసులో కూర్చుని పరస్పర బంధనం తయారు చేయడానికి పది నిమిషాలు చాలు. మగ్గం పక్కన కూర్చుని "పట్టి తిప్పు" వినడానికి రోజులు పడుతుంది.

పడుగుపేక గారూ, ఆ మాటను దయచేసి ఎక్కడైనా రాసి పెట్టండి.

మత్తడి_దుంకింది | ములుగు | సాయంత్రం 5:48

గొలుసుకట్టు అనే మాటను అందరూ ఎందుకు మరిచిపోయారు? మన దగ్గర గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగులోనో కాలువలోనో పడి కింది చెరువు చేరతాయి, అది నిండితే దాని కిందిది. కాకతీయుల కాలం నుంచి ఊళ్లన్నీ ఇట్లా ఒకదానికొకటి కట్టుబడి ఉన్నాయి. పై ఊరివాళ్లు మత్తడి ఎత్తు పెంచితే కింది ఊళ్లో నాట్లు పడవు. పై చెరువు తెగితే కింది కట్ట మీద ఆ బరువంతా పడుతుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు కూడా పెద్దవాళ్లు ఇదే చెప్పారు, ఒక్క చెరువును బాగు చేస్తే సరిపోదు, గొలుసంతా చూడాలని.

ఇంతకంటే ఇంటర్‌లాకింగ్ ఏముంటుంది?

ఓరుగల్లు_మేస్త్రి | వరంగల్, కరీమాబాద్ | సాయంత్రం 6:10

మాట మంచిదే అన్నా, కానీ నీళ్లు పై నుంచి కిందికే పోతాయి, కింది చెరువు పై చెరువును ఏం చేయగలదు? ఇంటర్‌లాక్ అంటే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రెండు వైపులా పట్టు ఉండాలి. గొలుసుకట్టు అంటే వరుస. పై ఊరి దయ మీద కింది ఊరు.

మత్తడి_దుంకింది | ములుగు | సాయంత్రం 6:14

కింది ఊరివాళ్లు గడ్డపార పట్టుకుని రాత్రిపూట పై ఊరి మత్తడి దగ్గరికి వస్తే రెండు వైపులా పట్టు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది మేస్త్రీ.

కోలాటం_కోమలి | హుస్నాబాద్ | సాయంత్రం 6:50

జడ కోలాటం ఎవరూ చెప్పలేదేం? పైన కట్టిన తాళ్లు ఒక్కొక్కరి చేతిలో ఒకటి. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ ఒకరి కింది నుంచి ఒకరం దూరుతూ ఆడితే పైన జడ అల్లుకుంటూ వస్తుంది. తర్వాత అదే అడుగు వెనక్కి వేస్తే మొత్తం విడిపోతుంది. ఒక్కరు అడుగు తప్పితే మాత్రం అది జడ కాదు, చిక్కు. మా ఊళ్లో ఒకసారి ఆట ఆపేసి నిచ్చెన వేయాల్సి వచ్చింది. తప్పిన అడుగు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నాది కాదు.

కావాలని కలిపితే అల్లిక, అనుకోకుండా కలిస్తే చిక్కు. తాళ్లు అవే.

లష్కర్_బజార్ | హన్మకొండ | రాత్రి 7:20

బిందెలు, టైల్స్, జంపఖానా, చెరువులు, కోలాటం. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదే. అసలు అడిగింది రైలు గురించి.

కాజీపేట_పాయింట్స్‌మన్ | కాజీపేట, రిటైర్డ్ | రాత్రి 9:05

మనవడు ఫోన్ ఇచ్చి "తాతా, నీ సబ్జెక్ట్ వచ్చింది" అన్నాడు. టైప్ చేసేది కూడా వాడే, తప్పులుంటే వాడివి.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. రైలులో డబ్బాలు కలిపేది కప్లింగ్. పాత డబ్బాల్లో స్క్రూ కప్లింగ్ ఉంటుంది. ఒక డబ్బాకు పెద్ద కొక్కెం, ఇంకో డబ్బా లంకెను ఎత్తి ఆ కొక్కేనికి తగిలించి, మధ్యలో మరను తిప్పి బిగించాలి. టీచరమ్మ చెప్పిన లంకె అచ్చంగా ఇదే. కొత్త డబ్బాల్లో మధ్యలో ఒకటే ఉంటుంది. మీ రెండు చేతుల వేళ్లు కొక్కెంలా మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టి లాగండి. అట్లా పట్టుకుంటాయి. గూడ్స్ బండ్లకు ఎప్పటి నుంచో ఇదే.

పేపర్లో రాసిన ఇంటర్‌లాకింగ్ ఇది కాదు. అక్కడ ఏ వస్తువూ ఏ వస్తువులోనూ ఇరుక్కోదు.

స్టేషన్ దగ్గర పట్టాలు చీలే చోటును పాయింటు అంటాం. పాయింటు ఇటు తిప్పితే బండి మొదటి లైన్‌లోకి, అటు తిప్పితే రెండో లైన్‌లోకి. ముందు సిగ్నల్ ఉంటుంది. ఇప్పుడు చెప్పండి, పాయింటు ఒక లైన్‌కు తిరిగి ఉండి, సిగ్నల్ ఇంకో లైన్‌కు పచ్చ చూపిస్తే? లేదా రెండు వైపుల నుంచి వచ్చే బండ్లకు ఒకే లైన్ మీదికి పచ్చ వస్తే? మనిషన్నాక పొరపాటు చేస్తాడు, రాత్రి మూడింటికి మరీ చేస్తాడు. అందుకే ఆ పొరపాటు చేయాలన్నా చేయలేకుండా పెట్టిన కట్టడిని ఇంటర్‌లాకింగ్ అంటారు. పాయింటు సరిగ్గా కూర్చుని తాళం పడితేనే సిగ్నల్ వస్తుంది. సిగ్నల్ ఒకసారి ఇచ్చాక, బండి దాటిపోయేదాకా పాయింటు కదలదు. దానికి ఇది అడ్డం, దీనికి అది అడ్డం.

పాత క్యాబిన్లలో వరుసగా లీవర్లు ఉండేవి, నడుము పట్టుకుపోయేంత బరువు. లీవర్ల కింద గాళ్లు కొట్టిన ఇనుప పట్టీలుండేవి. ఒక లీవర్ లాగితే పట్టీ జరిగి మిగతా లీవర్లకు అడ్డం పడేది. ఎంత పహిల్వాన్ వచ్చి లాగినా రాదు. ఇంగ్లండ్‌లో జాన్ శాక్స్‌బీ అనే ఆయన 1856లో ఇట్లాంటి దానికి పేటెంట్ తీసుకున్నాడని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. తర్వాత రిలేలు వచ్చాయి, ఇప్పుడు కంప్యూటర్. లెక్క మారలేదు.

మీ ఊరి రైల్వే గేటు దగ్గర చూడండి. గేటు సిగ్నల్‌తో ఇంటర్‌లాక్ అయి ఉన్న చోట, గేటు పూర్తిగా పడకుండా బండికి సిగ్నల్ ఇవ్వడం కుదరదు. సిగ్నల్ ఇచ్చాక గేటు లేవదు. మీరు హారన్ ఎంత కొట్టినా గేట్‌మన్ చేతిలో ఏమీ ఉండదు. ఆయన్ను తిట్టకండి.

ఇక నాన్ ఇంటర్‌లాకింగ్. మూడో లైన్ లాంటిది కొత్తగా వచ్చి స్టేషన్‌లో కలిసేటప్పుడు పాత కట్టడి పనికిరాదు, కొత్త పాయింట్లు, కొత్త సిగ్నళ్లు కలిపి మళ్లీ పెట్టాలి. ఆ పాతది తీసి కొత్తది పరీక్షించే రోజుల్లో యంత్రం కాపలా ఉండదు. అప్పుడు మాలాంటివాళ్లం పాయింటు దగ్గరికి నడిచిపోయి, చేత్తో తిప్పి, క్లాంప్ బిగించి, తాళం వేసి, తాళంచెవి అప్పజెప్పి, జెండా చూపించి ఒక్కో బండిని నెమ్మదిగా పంపాలి. యంత్రం నిమిషంలో చేసేదానికి మాకు ఎంతో సేపు పడుతుంది. రోజూ వచ్చే బండ్లన్నీ అట్లా పంపడం కుదరదు. అందుకే కొన్ని రద్దు, కొన్ని దారి మళ్లింపు.

కాబట్టి అమ్మ అడిగిన ప్రశ్న చాలా మంచిది. ఇరుక్కోకపోతే మంచిగా పోవాలి కదా అంది. ఇది ఇరుకు కాదమ్మా, జామీను. సిగ్నల్‌కు పాయింటు జామీను, పాయింటుకు సిగ్నల్ జామీను. జామీనుదారు లేని రోజు అప్పు ఎవరిస్తారు?

మాటల_మూట | హుజూరాబాద్ | రాత్రి 9:40

జామీను! పొద్దున్నుంచీ లంకె, కుసి అని కొట్టుకుంటున్నాం, ఈయన అప్పు పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. నా ఓటు వెనక్కి తీసుకుంటున్నా, కనీసం రైలు వరకు.

ఓరుగల్లు_మేస్త్రి | వరంగల్, కరీమాబాద్ | రాత్రి 9:52

అంటే పట్టుకునేది ఒకటి, నెట్టుకునేది ఒకటి, అడ్డుపడేది ఇంకొకటి. ఇంగ్లిష్ వాళ్లు మూడింటికీ ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకున్నారు. మనం మూడు పేర్లు పెట్టుకుంటే తప్పేంటి?

లష్కర్_బజార్ | హన్మకొండ | రాత్రి 9:58

తప్పేం లేదు, కానీ పేపర్లో "జామీను లేని పనుల కారణంగా రైళ్లు రద్దు" అని వస్తే రైల్వే వాళ్లను అరెస్ట్ చేశారనుకుంటారు జనం.

వలస_పక్షి | దుబాయ్ | రాత్రి 10:20

"తాళాలు విప్పిన పనులు"? "కట్టడి మార్పిడి పనులు"? రెండోది నాకు ఫర్వాలేదు అనిపిస్తోంది. పొద్దున థ్రెడ్ మూసేయమన్నందుకు క్షమించండి, ఇక్కడ డ్యూటీలో ఇదే చదువుతూ కూర్చున్నా.

భద్రకాళి_గట్టు | హన్మకొండ | ఆదివారం, ఉదయం 9:25

అందరికీ థ్యాంక్స్. పాయింట్స్‌మన్ గారు రాసింది ఇవాళ పేపర్ కంటే ముందు నాయనమ్మకు చదివి వినిపించాను. జామీను దగ్గర తల ఊపింది. మొత్తం విని, కొంచెంసేపు ఆగి, "మన ఊరి ఇంటి దర్వాజ యాదికున్నదా?" అంది.

ఉంది. రెండు రెక్కల పాత టేకు దర్వాజ. చిన్నప్పుడు దాని సందులో నా వేలు నలిగింది కాబట్టి బాగానే గుర్తుంది.

"ఎడమ రెక్క ముందు ఎయ్యాలె. కుడి రెక్క అంచు దాని మీదికి వస్తది. ఎడమది వడకుంటె కుడిది కూసోదు, బేడెం రాదు. మల్ల తెరిచేటప్పుడు కుడిది తియ్యకుండ ఎడమది కదిలియ్యి సూద్దాం. కదలది. దొంగ వచ్చినా గదే వరుస, మీ తాత వచ్చినా గదే వరుస. గిదే గదా గా సారు చెప్పింది?"

నాకు నోట మాట రాలేదు. ఇదే. ఒకదానికొకటి అడ్డం, ఒక వరుస, ఆ వరుస తప్పితే పని జరగదు.

ఇక ఇంతమంది తంటాలు పడ్డ మాట ఈమె నోట దొరుకుతుందని ఆశపడి, "మరి దాన్ని ఏమంటారు నాయనమ్మా?" అని అడిగాను.

"ఏమంటరు? దర్వాజ ఏసుడు అంటరు."

కాజీపేట_పాయింట్స్‌మన్ | కాజీపేట, రిటైర్డ్ | ఉదయం 9:50

అమ్మకు నా దండాలు చెప్పు తమ్మీ. మాకు ట్రైనింగ్‌లో బోర్డు మీద గీతలు గీసి చెప్పారు, ఒక దర్వాజ చూపిస్తే అయిపోయేది.

మాటల_మూట | హుజూరాబాద్ | ఉదయం 10:03

ఆ దర్వాజ ఫోటో ఉంటే పెట్టండి. కుడి రెక్క అంచు కనిపించేలా.

ఓరుగల్లు_మేస్త్రి | వరంగల్, కరీమాబాద్ | ఉదయం 10:11

ఫోటో తర్వాత. ముందు వాకిలికి బోర్డర్ సంగతి చూడు. అవునూ, రేపు నీ బండి?

భద్రకాళి_గట్టు | హన్మకొండ | ఉదయం 10:15

రద్దే అన్నా. బస్సుకు పోతున్నా.